కోళ్లకు దాణా మారుస్తున్నారా? ఒక్కసారిగా మార్చకండి

పెరటి కోళ్లు కొత్త దాణాను ముందు తిండిగానే గుర్తించవు. వాటికి రుచి కన్నా గింజ ఆకారం, రంగు ముఖ్యం. పొడి దాణాకు అలవాటుపడ్డ పెట్ట ముందు గుళికలు పోస్తే మెడ వంచి ఒక కన్నుతో చూస్తుంది, ముక్కుతో ఒకటి తీసి విసిరేస్తుంది, వెళ్లిపోతుంది. అది మొండితనం కాదు, భయం. పాత దాణా పూర్తిగా అయిపోయాక కొత్తది తెస్తే ఈ తిప్పలు తప్పవు.

కనీసం వారం రోజులకు సరిపడా పాతది మిగిలి ఉండగానే మొదలుపెట్టండి. ముందు మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది. రెండు మూడు రోజులకు సగం సగం. ఆ తర్వాత కొత్తదే ఎక్కువ. ఏరుకుని తింటుంటే రెండింటినీ కాస్త గోరువెచ్చని నీళ్లతో ముద్దగా కలపండి, ఇక ఏరడం కుదరదు. నాకు బాగా పనిచేసింది ఇదే. తడి దాణా మాత్రం గంటలో తినేంతే పెట్టండి, మిగిలింది తీసేయండి. బూజు పడితే కోళ్లకు ప్రమాదం.

రాత్రి గూట్లో మెడ కింద మేత సంచిని వేళ్లతో తడిమి చూడండి. నిండుగా ఉంటే టెన్షన్ వద్దు. ఖాళీగా తగిలితే మర్నాడు పాతది పెంచండి, ఆకలితో మాడ్చి దారికి తేవద్దు, గుడ్లు ఆగిపోతాయి.

ఇంకొకటి: గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం ఎక్కువ. గుడ్లకు రాని పిల్లలకు అది పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. సుమారు 18 వారాలు నిండాకే మార్చండి.