దుబాయ్‌లో విమానం మారేవాళ్లు తెలుసుకోవాల్సినవి

దుబాయ్‌లో దిగగానే మొదట చూడాల్సింది తర్వాతి విమానం గేటు నంబరుకు ముందున్న అక్షరం. ఏ, బీ, సీ అయితే టెర్మినల్ 3 వైపు. డీ అయితే టెర్మినల్ 1, ఎఫ్ అయితే టెర్మినల్ 2. గేట్లు మారుతుంటాయి కాబట్టి బోర్డింగ్ పాస్ మీద ఉన్నదాన్నే నమ్ముకోకుండా తెర మీద మళ్లీ చూసుకోండి.

బీ, సీల మధ్య నడిచి వెళ్లొచ్చు. ‘ఏ’ గేట్లుండేది విడి భవనం, అక్కడికి రైలెక్కాలి. ‘ఏ’లో దిగి ‘సీ’ చివరి గేటుకు వెళ్లాలంటే లిఫ్టులు, రైలు, నడక కలిపి అరగంట పెట్టుకోండి. మధ్యలో సెక్యూరిటీ చెక్ కూడా ఉంటుంది. విమానంలో ఇచ్చిన నీళ్ల సీసా అక్కడికి చేరేలోపే ఖాళీ చేసేయండి.

టెర్మినల్ 2 రన్‌వేలకు అవతలి పక్కన ఉంది. అక్కడికి రైలూ లేదు, మెట్రో స్టేషనూ లేదు. ఒకే టికెట్ మీద వచ్చినవాళ్లు బయటికి రాకుండానే బస్సులో వెళ్లొచ్చు.

అసలు చిక్కు రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్లకు. బయల్దేరే ఊళ్లోనే చెకిన్ కౌంటర్ దగ్గర లగేజీ ట్యాగు చదవండి. చివరి గమ్యంగా డీఎక్స్‌బీ (దుబాయ్ ఎయిర్‌పోర్టు కోడ్) అని ఉంటే పెట్టెలు దుబాయ్‌లోనే బెల్టు మీదికి వస్తాయి. వాటిని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే వీసా కావాలి. పైగా మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థ మీ కోసం ఆగదు, డబ్బూ తిరిగి రాకపోవచ్చు. తప్పనిసరై ఇలా కొంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉంచుకోండి. టికెట్ మీద డీడబ్ల్యూసీ అని ఉంటే మాత్రం అది అల్ మక్తూమ్, పూర్తిగా వేరే ఎయిర్‌పోర్టు.

ఇక్కడ బోర్డింగ్‌కు మైకులో పిలవరు. ఎమిరేట్స్ అయితే బయల్దేరడానికి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తుంది. కునుకు తీయాలనిపిస్తే ఫోన్‌లో అలారం పెట్టుకుని గేటు దగ్గరే కూర్చోండి. ఫోన్ టైము స్థానిక సమయానికి మారిందో లేదో కూడా చూసుకోండి, భారత్ కంటే దుబాయ్ గంటన్నర వెనక.

మన సామాన్లలో అత్యంత ప్రమాదకరమైనవి గసగసాలు. యూఏఈలో అవి నిషిద్ధం, దొరికితే కేసు అవుతుంది. మసాలా పొడుల్లో కలిపినవి కూడా వద్దు. కోడీన్, ట్రమడాల్ (కొన్ని నొప్పి, దగ్గు మందుల్లో ఉండేవి) ఉన్న మందులు వాడేవాళ్లు ఆ దేశ ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, డాక్టర్ చీటీ చేతి సంచిలో ఉంచుకోవాలి.

ఎమిరేట్స్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి 100 వాట్-అవర్ల (బ్యాటరీ సామర్థ్యం కొలత) లోపు పవర్ బ్యాంక్ ఒక్కటే అనుమతి, అదీ విమానంలో వాడకూడదు. అందుకే ఫోన్‌ను ఎయిర్‌పోర్టులోనే నిండా ఛార్జ్ చేసుకోండి. గోడ సాకెట్లు చదరపు మూడు పిన్నులవి, మన గుండ్రటి పిన్నులకు అడాప్టర్ కావాలి.