మళ్లీ రమ్మన్నప్పుడు అడగవలసినవి

ఆదోని నుంచి రోజు కూలి వదులుకొని కర్నూలు వచ్చిన రోగికి "రిపోర్టు బాగుంది, నెల తరువాత రండి" అన్న మాట ఒక్కటే దక్కితే విసుగు కలగడం సహజం. అందువల్ల లేచే ముందే, మళ్లీ వస్తే చికిత్సలో ఏమి మారవచ్చో, రిపోర్టు ఫోనులో చెబితే సరిపోదా అని వైద్యుణ్ణి మర్యాదగా అడగాలి. ఓపీ చీటీ ఎన్ని రోజులు చెల్లుతుందో కూడా తెలుసుకోవాలి.

పరీక్షలకూ గడువులుంటాయి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష సుమారు 3 నెలల రక్తంలోని చక్కెర సగటును చూపుతుంది కాబట్టి దాన్ని నెలనెలా చేయించడం సాధారణంగా వృథా. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ పరీక్షకు 6 నుంచి 8 వారాలు ఆగడం మామూలు పద్ధతి. చిన్న సందేహాలకు, ఫోనులోనే వైద్యుల సలహా అందించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉంది.

అయితే క్షయ రోగులు, గర్భిణులు, కొత్తగా బీపీ మందులు మొదలుపెట్టినవారు మాత్రం, ఎంత విసుగైనా, చెప్పిన తేదీకి వెళ్లవలసిందే.