చేత్తో తిప్పితే తిరిగింది కదా అని హెడ్ మూసేయకండి

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకు హన్మకొండ పిల్లగాడొకడు ఫోన్ చేశాడు. బండి మడికొండ దాటాక ఆగిపోయిందట. "మూడో గేర్‌ల ఫుల్లు లాగిన అన్నా, ఒక్కసారే రేకు డబ్బాల రాళ్లేసి ఊపినట్టు చప్పుడొచ్చింది, ఇప్పుడు స్టార్టర్ కొట్టినా కదుల్తలేదు" అన్నాడు. వెనకే లారీ వస్తోంది. ఆ డ్రైవర్ మెలకువగా ఉన్నాడు కాబట్టి తప్పించుకుని పోయాడు, లేకపోతే ఆ ఫోన్ వేరేవాళ్లు చేసేవాళ్లు.

మర్నాడు లాక్కొచ్చి హెడ్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వ్‌లు ఉండే భాగం) విప్పాం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ (కాలిన పొగను బయటికి వదిలేది) తల తెగి లోపల పడింది, పిస్టన్‌కు చిల్లు పడింది, చాంబర్ అంతా రోట్లో దంచినట్టుంది. నాలుగు రోజుల కిందే హెడ్ పని చేయించాడు. 0.8 ఎంఎం ఫేసింగ్ (హెడ్ అడుగు ముఖం కోయడం), ఎక్కువ లిఫ్ట్ ఉన్న క్యామ్ (వాల్వ్‌లను ఇంకా లోతుగా తెరిచే కడ్డీ), గట్టి స్ప్రింగులు. నేను ఒక్కటే అడిగాను, మూసేముందు వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచారా అని. "చేత్తో రెండు రౌండ్లు తిప్పి చూసినం అన్నా, ఎక్కడా తగల్లే."

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. మొట్టమొదట నా నోటి నుంచే వచ్చింది, నా మొదటి బండికి. అప్పుడు నాలుగు ఎగ్జాస్ట్ వాల్వ్‌లు వంగాయి, రెండు నెలల జీతం పోయింది. చలికాలం రాగానే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి ట్రాక్‌కో పోదామని మన దగ్గర పిల్లలు పాత బండ్ల హెడ్‌లు విప్పడం మొదలుపెడతారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. జాక్ కింద స్టాండ్ పెట్టండి, బ్యాటరీ వైరు తీయండి లాంటివి ఇక్కడ ఉండవు, అవి తెలియనివాళ్లు హెడ్ జోలికే పోవద్దు.

ముందు ఆ ఒక్క తప్పు సంగతి.

చేత్తో తిప్పినప్పుడు తగల్లేదంటే ఖాళీ సున్నా కంటే ఎక్కువ ఉందని మాత్రమే అర్థం. 0.3 ఎంఎం ఉన్నా ఫ్రీగా తిరుగుతుంది, 3 ఎంఎం ఉన్నా అంతే ఫ్రీగా తిరుగుతుంది. మీ చేతికి తేడా తెలియదు. 7,000 ఆర్పీఎంలో మాత్రం కథ వేరు. అక్కడ ఒక్కో వాల్వ్ సెకనుకు 58 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. కనెక్టింగ్ రాడ్ కొంచెం సాగుతుంది, బేరింగుల్లో ఉన్న సందు అంతా ఒక వైపుకు పోతుంది, క్యామ్‌ను తిప్పే బెల్టు ఊగుతుంది, వాల్వ్ వేడికి పొడుగవుతుంది, స్ప్రింగ్ క్యామ్ వెంట పరుగెత్తలేక వెనకబడుతుంది. ఇవన్నీ కలిసి ఆ 0.3ను మింగేస్తాయి. వేగం పెరిగితే కదిలే సామాను మీద పడే బలం దాని వర్గంతో పెరుగుతుంది, 6,000 నుంచి 7,500కు పోతే బలం 56 శాతం ఎక్కువ. తగలకపోవడం కాదు, ఎంత ఖాళీ ఉందో అంకె కావాలి.

అంకె ఎలా తెలుస్తుందంటే, పిల్లలు ఆడుకునే క్లే. స్టేషనరీ షాపులో దొరుకుతుంది. పిస్టన్ మీద వాల్వ్ గుంటలు ఉన్నచోట వేలి మందాన పరిచి, వాల్వ్‌ల కింద కొంచెం నూనె రాసి (లేకపోతే అంటుకుని పైకి లేచొస్తుంది), పాత గ్యాస్కెట్ వేసి, హెడ్ బిగించి, ట్యాపెట్ (క్యామ్‌కూ వాల్వ్‌కూ మధ్య సందు) సెట్ చేసి, బెల్టు ఎక్కించి, ఇంజిన్ తిరిగే వైపే పానాతో నిదానంగా రెండు పూర్తి రౌండ్లు తిప్పండి. తర్వాత హెడ్ ఎత్తి, నొక్కుకున్న చోట బ్లేడుతో కోసి, అన్నిటికంటే సన్నగా ఉన్నచోట వెర్నియర్‌తో కొలవండి. ఇన్‌టేక్ (గాలిని లోపలికి వదిలే వాల్వ్) దగ్గర 2 ఎంఎం, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 ఎంఎం కంటే తక్కువ ఉంటే నేను మూయను. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే అది ఎక్కువ వేడెక్కుతుంది, పైగా పైకొచ్చే పిస్టన్ దాన్ని వెనక నుంచి తరుముతుంది. వాల్వ్ అంచుకూ గుంట గోడకూ మధ్య పక్కల కూడా ఒకటిన్నర ఎంఎం దాకా చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు.

హైడ్రాలిక్ లిఫ్టర్ (నూనె ఒత్తిడితో ఆ సందును తానే సర్దుకునేది) ఉన్న ఇంజిన్‌లో క్లే అబద్ధం చెబుతుంది. స్ప్రింగ్ బలానికి లిఫ్టర్ కుంగిపోయి వాల్వ్ తక్కువ తెరుచుకుంటుంది, ఖాళీ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. అక్కడ మెత్తటి స్ప్రింగులు తాత్కాలికంగా వేసి చూడాలి.

పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు చూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. వాల్వ్ పిస్టన్‌కు అన్నిటికంటే దగ్గరయ్యేది టాప్ దగ్గర కాదు. ఎగ్జాస్ట్ అయితే దానికి సుమారు పది డిగ్రీల ముందు, ఇన్‌టేక్ అయితే సుమారు పది డిగ్రీల తర్వాత. రెండు పూర్తి రౌండ్లు అన్నది అందుకే.

ఇక లేత్ దగ్గరి సంగతి. మన దగ్గర హెడ్ ఫేసింగ్ అంటే "ఇంకొంచెం లేపు అన్నా, పికప్ వస్తది" అని చెప్పి కోయించడమే. లెక్క చూడండి. మారుతి ఎస్టీమ్‌లో ఉండే 1,298 సీసీ ఇంజిన్ తీసుకుంటే ఒక్కో సిలిండర్ దాదాపు 325 సీసీ. కంప్రెషన్ (లోపలి గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో ఆ అంకె) 9 ఉంటే పైన మిగిలే జాగా 40.6 సీసీ. 10.5 కావాలంటే అది 34.2కు తగ్గాలి. బోర్ 74 ఎంఎం, కాబట్టి 0.8 ఎంఎం కోస్తే ఆ జాగా ఎంత చేసినా మూడున్నర సీసీ కంటే ఎక్కువ తగ్గదు, అంటే కంప్రెషన్ సుమారు 9.7 దగ్గరే ఆగుతుంది. ఆ 0.7 కోసం వాల్వ్ కింద ఉన్న ఖాళీలో దాదాపు 0.8 ఎంఎం ఇచ్చేశారు. ఓవర్‌హెడ్ క్యామ్ (క్యామ్ హెడ్‌లోనే ఉండే) ఇంజిన్‌లో ఇంకో దెబ్బ కూడా ఉంది. హెడ్ కిందికి దిగితే క్యామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది, బెల్టు లాగుడు వైపు పొడవు తగ్గి క్యామ్ టైమింగ్ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పోతుంది. టైమింగ్ వెనక్కి పోతే ఎగ్జాస్ట్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, అంటే ముందే తక్కువున్న ఎగ్జాస్ట్ ఖాళీ ఇంకా తగ్గుతుంది. మడికొండ దగ్గర తెగింది ఎగ్జాస్ట్ వాల్వే. సర్దుకునే క్యామ్ పుల్లీ వేసి టైమింగ్ సరిచేసిన తర్వాతే క్లే పెట్టండి, మళ్లీ పుల్లీ కదిపితే మళ్లీ క్లే పెట్టండి.

సీట్ (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) కటింగ్‌లో 30, 45, 60 డిగ్రీల మూడు కోతలు అడగండి. ఇన్‌టేక్ సీటు ఒక ఎంఎం వెడల్పు చాలు, ఎగ్జాస్ట్ ఒకటిన్నర ఉంచండి. రేసు బండి కదా అని ఎగ్జాస్ట్ సీటు కూడా సన్నగా చేస్తే వాల్వ్ కాలిపోతుంది, ఎందుకంటే దాని వేడి ఎక్కువగా హెడ్‌లోకి దిగే దారి ఆ సీటే. సీటు కోసిన కొద్దీ వాల్వ్ లోపలికి కూర్చుంటుంది, కాడ పైకి లేస్తుంది, స్ప్రింగ్ నిలబడే ఎత్తు పెరిగి దాని బలం తగ్గుతుంది. కొత్త స్ప్రింగులు కొన్నాం కదా అని ధీమాగా ఉండొద్దు, ఎత్తు కొలిచి కింద షిమ్ (సన్నటి వాషర్) వేసి సరిచేయాలి. అలాగే క్యామ్ ఫుల్ లిఫ్ట్‌లో ఉన్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కోకూడదు, మొత్తం ఒకటిన్నర ఎంఎం అయినా మిగలాలి. అతుక్కుంటే క్యామ్ అరుగుతుంది, రాకర్ విరుగుతుంది. రిటైనర్‌కూ (స్ప్రింగ్‌ను పైన పట్టి ఉంచే టోపీ) వాల్వ్ సీల్‌కూ మధ్య కూడా అంతే.

పోర్టుల (హెడ్‌లో గాలి, పొగ పోయే దారుల) గురించి రెండు ముక్కలే. పెద్దది చేస్తే గాలి ఎక్కువ పోతుందనుకోవడం పొరపాటు, వేగం పడిపోయి 4,000 లోపు బండి ఎద్దుబండి అవుతుంది. గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) చుట్టూ, సీటు కింద నునుపు చేసి ఆపేయండి. వాటర్ జాకెట్‌లోకి (చల్లబరిచే నీళ్లు తిరిగే దారి) చిల్లు పడితే ఆ హెడ్‌ను కిలోల లెక్కన అమ్ముకోవాలి.

కట్టేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినవి, వరస లేకుండా రాసేస్తున్నా.

గ్యాస్కెట్ ముఖం మీద గ్రైండర్‌కు ఎమరీ చక్రం తగిలించి రుద్దొద్దు. ఆ పొడి నూనెలో కలిసి బేరింగులను తినేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు, ఓపిక.

హెడ్ వంకర స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో పొడవునా, మూలల మీదుగా చూడాలి. 0.05 ఎంఎం దాటితేనే ఫేసింగ్. దాటకపోతే ముట్టుకోవద్దు.

బ్లాక్‌లో బోల్టు రంధ్రాల్లో నూనె గానీ నీళ్లు గానీ ఉంచొద్దు. బిగిస్తే ఆ ద్రవం నలగదు, బ్లాకే పగులుతుంది.

డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు సాగిపోతాయి. మళ్లీ వాడొద్దు.

టార్క్ రెంచ్ లేకుండా హెడ్ బిగించొద్దు. అనుభవం ఉన్న చెయ్యి అనేది లేదు. నడిమి నుంచి బయటికి, మూడు విడతల్లో.

వాల్వ్‌లు మూసి పోర్టులో పెట్రోల్ పోసి చూడండి. చెమ్మ కనిపిస్తే మళ్లీ లేపింగ్ (వాల్వ్‌ను సీటు మీద పేస్ట్‌తో రుద్ది అతికేలా చేయడం). దగ్గర బీడీ వెలిగించొద్దు, నవ్వొద్దు, ఇది చూసి రాస్తున్నా.

క్యామ్ మీద మామూలు నూనె కాదు, అసెంబ్లీ పేస్ట్.

బెల్టు ఎక్కించాక చేత్తో రెండు రౌండ్లు తప్పకుండా తిప్పాలి. మధ్యలో గట్టిగా తగిలితే పానాకు పైపు తొడిగి బలం చూపించొద్దు, స్టార్టర్ అసలే కొట్టొద్దు, గుర్తులు మళ్లీ చూసుకోండి. తిరిగితే గుర్తులు కలిసినట్టు. అంతే. ఖాళీ ఉన్నట్టు కాదు.

క్లే పెట్టారా?

ఒక్క సిలిండర్‌లో కాదు, నాలుగింటిలో పెట్టారా?

క్యామ్ అమ్మినవాడు "ప్లగ్ అండ్ ప్లే" అన్నాడని మానేశారా? వాడికి మీ హెడ్ ఎంత కోశారో తెలియదు.

రెవ్ లిమిటర్ (ఇంజిన్ వేగం హద్దు దాటకుండా ఆపేది) ఉంది కదా అనొద్దు. ఐదు నుంచి నాలుగుకు పోబోయి రెండులో పడితే ఇంజిన్‌ను చక్రాలు తిప్పుతాయి, పెట్రోల్ ఆపినా ఆగదు.

కంప్రెషన్ పెంచాక పాత ఇగ్నిషన్ టైమింగ్‌తో ఫుల్లు లాగొద్దు. మే నెల 44 డిగ్రీల ఎండలో గలగలమంటే కాలు తీసేయండి, అది పికప్ చప్పుడు కాదు.

జెట్టింగ్, మ్యాపింగ్ (పెట్రోల్, ఇగ్నిషన్ కొత్త ఇంజిన్‌కు తగ్గట్టు సరిచేయడం) అయ్యేదాకా 4,000 దాటొద్దు.

హైవే మీద టెస్ట్ చేయొద్దు. మోటారు వాహనాల చట్టంలో 52 సెక్షన్ మార్పుల గురించి, 189 రేసుల గురించి. పోలీసుల సంగతి అట్లుంచండి, ఇంజిన్ పగిలితే నూనె రోడ్డు మీద పడుతుంది, మీ వెనక బైక్ మీద ఎవరో ఉంటారు.

ఆదివారం సాయంత్రం మొదటి స్టార్ట్ కొట్టొద్దు. ఒక్క సీల్ తక్కువైనా సోమవారం దాకా షాపులుండవు, "ఉన్నదానితోనే సర్దేద్దాం" అన్న మాట అప్పుడే వస్తుంది.