గ్రీకు విషాద నాటకానికి దుస్తులు, రంగం – 3వ పాఠం: కుట్టని గుడ్డ, ఒక్క తలుపు

పోయిన పాఠంలో ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘యాంటిగొనె’ని రెండుసార్లు చదివి, ఎవరు ఏ పక్క నుంచి వస్తారో, ఏ పక్కకి పోతారో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ వారం గుడ్డ చేతికి తీసుకుందాం.

తోడబుట్టినవాడి శవానికి మట్టి వెయ్యకూడదని రాజు క్రియాన్ ఆజ్ఞ. యాంటిగొనె అనే ఆ పిల్ల వేస్తుంది. అదీ కథ. నెల్లూరు పిల్లలకి ఇందులో బరువు ఎక్కడుందో విడమరిచి చెప్పే పని లేదు. మన తిక్కన తెలుగు చేసిన స్త్రీపర్వంలో యుద్ధం ముగిశాక ధర్మరాజు రెండు పక్షాల వాళ్లకీ దహన సంస్కారాలు చేయిస్తాడు. అదే పని ఒక పక్షానికి చెయ్యనివ్వనంటాడు క్రియాన్. దుస్తులైనా, రంగమైనా ఈ ఒక్క విషయానికే పనిచెయ్యాలి.

గ్రీకుల కైటన్ కత్తిరించి కుట్టిన చొక్కా కాదు. నలుచదరపు గుడ్డని ఒంటికి చుట్టి, భుజాల మీద పిన్నుతో పట్టించి, నడుముకి తాడు కడతారు. పంచె, ఉత్తరీయం తెలిసిన మనకి ఇది చుట్టరికం ఉన్న బట్టే. ఆనాటి కుండల మీది బొమ్మల్లో విషాద నాటకంలోని వాళ్ల బట్టలకి పొడుగు చేతులు, ఒళ్లంతా అల్లిక పనీ కనిపిస్తాయి. కాలేజీ బడ్జెట్‌లో అది చెయ్యబోతే చవక జరీ మాత్రమే మిగులుతుంది. రోజువారీ కైటన్‌తోనే పోదాం.

ఎనిమిది మూరల నూలు పంచె ఒకటి కొనండి. సగానికి కత్తిరిస్తే రెండు కైటన్లు. పంచె పన్నా సుమారు 50 అంగుళాలు. దాన్ని నిలువుగా వాడితే మధ్యరకం ఎత్తు అమ్మాయికి భుజం నుంచి చీలమండ దాకా వస్తుంది. ఇదే గుడ్డని నడుం తాడు మీదుగా పైకి లాగి మోకాలి దాకా చేస్తే కావలివాడు తయారు. రాజు పాదాల దాకా, పనివాడు మోకాలి దాకా: హోదా తెలియడానికి అది చాలు. పాలిస్టర్ కలిసిన పంచె వద్దు, మడత నిలవదు, రంగూ సరిగా పట్టదు. కొత్త నూలు పంచెకి గంజి ఉంటుంది. రెండుసార్లు ఉతికి ఆరేస్తేనే మడతలు కిందికి జారతాయి. భుజం మీద పిన్నీసు పెట్టి, పైన పెద్ద ఇత్తడి గుండీ కుట్టండి.

ఇక రంగు. ఇక్కడ కాస్త నిలబడాలి. గ్రీకు అనగానే అందరూ తెల్లబట్టలే అనుకుంటారు, పాలరాతి విగ్రహాలు చూసి. ఆ విగ్రహాలకీ ఒకప్పుడు రంగులుండేవి, కాలక్రమంలో పోయాయి. నేను మొదటిసారి చేసినప్పుడు అందరికీ తెల్లగుడ్డలే కట్టించాను. రిహార్సల్ చూడ్డానికొచ్చిన ఒక పెద్దామె, “ఏం నాయనా, ఆడపిల్లలందరికీ తెల్లచీరలు కట్టారే, ఎవురు పోయినారు?” అంది. ఆమె చూసిందే నిజం. మన కళ్లకి తెలుపంటే వైధవ్యం, మైల. యాంటిగొనె చివరిసారి, తనని బతికుండగానే మూసెయ్యబోయే గుహకి నడిచేటప్పుడు ఆ తెలుపు వాడండి, గుండెలో దిగుతుంది. మొదటి నుంచీ వాడితే ఆ క్షణానికి ఏమీ మిగలదు. కోరస్ అంటే కలిసి పాడే బృందం, ఇక్కడ పదిహేనుమంది తీబ్స్ నగరపు పెద్దలు. వాళ్ల గుడ్డల్ని టీ డికాక్షన్‌లో ముంచి మట్టిరంగు తెప్పించండి. క్రియాన్‌కి కైటన్ మీద ముదురు ఎరుపు ఉత్తరీయం. కొడుకు శవంతో తిరిగొచ్చేటప్పుడు అది అతని ఒంటి మీద ఉండకూడదు, శవం మీద ఉండాలి.

రంగానికి కావలసింది ఒక గోడ, దాని నడుమ ఒక తలుపు. అది రాజగృహం. స్తంభాలు, శిల్పాలు వద్దు. షామియానా వేసేవాళ్ల దగ్గర సరుగుడు కర్రలు అద్దెకి తెచ్చి చట్రం కట్టండి. బియ్యం గోనె సంచులు విప్పి దాని మీద సాగదీసి, సున్నంలో కాస్త ఎర్రమట్టి కలిపి పూస్తే లైట్ల కింద పాతరాయిలా కనిపిస్తుంది. గోనె త్వరగా అంటుకుంటుంది, కాబట్టి దీపాలూ కాగడాలూ దూరంగా ఉంచండి.

రంగానికి రెండు పక్కలా దారులుంటాయి. ఒకటి ఊళ్లోకి, రెండోది శవం పడున్న పొలిమేరకి. ఏది ఏదో ఇవాళే తేల్చి కాగితం మీద రాయండి. మధ్యలో మార్చారంటే చూసేవాళ్లు దారి తప్పుతారు.

గ్రీకు రంగస్థలం మీద చావు సాధారణంగా కళ్లముందు జరగదు. లోపల జరుగుతుంది, దూత వచ్చి చెబుతాడు. చివర్లో తలుపు తెరుచుకుంటే రాణి యూరిడికె శవం కనిపిస్తుంది. అందుకు వాళ్లు చక్రాల బల్లని లోపలి నుంచి తోసేవాళ్లు, పేరు ఎక్కిక్లెమా. మీరు నాలుగడుగుల వెడల్పు చెక్కకి రబ్బరు చక్రాలు బిగించండి. తలుపు కనీసం ఐదడుగులు ఉండాలి. ముందు బల్ల చేసుకుని, ఆ తర్వాతే తలుపు కొలత తీసుకోండి. తలకిందులుగా చేసి, ప్రదర్శన రోజు బల్ల తలుపులో ఇరుక్కుపోగా, పిల్లలు చేతులతో శవాన్ని లాక్కురావడం నేను చూశాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

వచ్చే పాఠానికి పని: ఒక పంచె ఉతికి, ముగ్గురు స్నేహితులకి మూడు రకాలుగా కట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి చూడండి. ఎవరు రాజో, ఎవరు కావలివాడో అక్కణ్ణుంచే తెలియాలి. మళ్లీ వారం ముఖతొడుగులు, పాత చీర ముక్కలూ మైదా జిగురుతో.