దెబ్బ తగిలాక పుట్టే నొప్పి: రకాన్ని గుర్తుపట్టడం, తగిన పని చేయడం

దెబ్బ ఎంత పెద్దదైతే నొప్పి అంత ఎక్కువగా ఉంటుందని అందరం అనుకుంటాం గాని, శరీరంలో ఆ లెక్క ప్రతిసారీ కుదరదు. చర్మం లేచిపోయిన చిన్న గాయం రాత్రంతా నిద్ర పట్టనివ్వకపోవచ్చు. నరం పూర్తిగా తెగిన చోట అసలు నొప్పే తెలియకపోవచ్చు. అందువల్ల నొప్పి ఎంత ఉందన్నదాని కంటే అది ఏ రకంగా ఉంది, ఏ వేళ పెరుగుతోంది, ఎటు పాకుతోంది అన్నవి గమనించగలిగితే, ఇంట్లో చూసుకోదగిన దెబ్బ ఏదో, వెంటనే పర్లాకిమిడి ఆసుపత్రికో బరంపురం మెడికల్ కాలేజీకో పోవలసిన దెబ్బ ఏదో తేల్చుకోవడం సులువవుతుంది.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు పల్లెల్లో ఉభాల (వరినాట్ల) రోజుల్లో తరచుగా జరిగేదాన్నే తీసుకుందాం. నారు కట్టతో నడుస్తున్న మనిషి తడి గట్టు మీద జారతాడు; పాదం లోపలికి మడతపడి, చీలమండ బయటి పక్కనున్న లిగమెంటు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) సాగుతుంది లేదా కొంత చిరుగుతుంది. ఆ క్షణంలో చురుక్కుమనే నొప్పిని తెచ్చేవి ఏ-డెల్టా అనే సన్నని నాడీ తంతువులు. వాటికి మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది గనుక కబురు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. దాని వెనుకనే, ఇక్కడని వేలు పెట్టి చూపలేని బరువైన సలుపు మొదలవుతుంది. దాన్ని తెచ్చే సీ తంతువులకు మైలిన్ పొర లేదు, వాటి వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లే. చీలమండ నుంచి వెన్నుపాము వరకు దూరం ఇంచుమించు మీటరు ఉంటుంది గనుక, రెండు నొప్పుల మధ్య ఎడం మనకే తెలుస్తుంది.

అప్పుడు చెయ్యి తనంతట తానే పోయి ఆ చోటును నిమురుతుంది. స్పర్శను మోసే లావు తంతువులు వెన్నుపాములో నొప్పి కబురును కొంతవరకు అడ్డుకుంటాయని రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. వివరాల్లో తర్వాత మార్పులు వచ్చినా మూలసూత్రం నిలిచింది. కాబట్టి పైపైన నిమరడంలో తప్పు లేదు. నూనె కాచి గట్టిగా తోమడం మాత్రం మొదటి రెండు మూడు రోజులు వద్దు, ఎందుకంటే లోపల చిట్లిన సన్నని రక్తనాళాలు అప్పటికింకా మూసుకొని ఉండవు.

అసలు కథ తర్వాతి గంటల్లో నడుస్తుంది. చితికిన కణాల నుంచి, అక్కడికి చేరిన రక్షక కణాల నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్, హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. రక్తనాళాలు వెడల్పై, నీరు బయటికి ఊరి వాపు వస్తుంది. ఈ రసాయనాలు నొప్పిని పుట్టించడంతో ఆగకుండా, నాడుల కొసలను మునుపటి కంటే సున్నితంగా మార్చేస్తాయి. మిరపకాయలు నలిపిన చేతికి మంట పుట్టించే గ్రాహకం (కబురును అందుకునే ప్రోటీను) ఒకటి ఆ కొసల మీదనే ఉంది. దాని పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గాని ఆ గ్రాహకం స్పందించదు. వాపు ఉన్న చోట ఆ హద్దు బాగా దిగిపోయి, ఒంటి వేడే మంటగా అనిపించే స్థితి వస్తుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిలలాడడానికి కారణం కూడా నాడుల కొసలు ఇలా సున్నితం కావడమే.

ఇక్కడ చేయవలసింది తెలిసిందే: గుడ్డలో చుట్టిన ఐసును 15 నుంచి 20 నిమిషాలు ఉంచి తీయాలి, రెండు మూడు గంటలకొకసారి మళ్లీ పెట్టాలి. ఐసు దొరకని ఊళ్లో కుండనీళ్లతో తడిపిన గుడ్డ కూడా కొంత పని చేస్తుంది. కాలిని గుండె కంటే ఎత్తున, రెండు దిండ్ల మీద పెట్టాలి. కట్టు కడితే వేళ్ల కొసలు చల్లబడకుండా, నీలం తిరగకుండా చూసుకోవాలి. చీలమండ ఎముక వెనుక అంచును నొక్కితే పోటు వస్తున్నా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా ముందు ఎక్సరే తీయించాలి. పసరు కట్టు వేసే పెద్దల అనుభవాన్ని తక్కువ చేయను గాని, ఎముక విరిగిందో లేదో చేతి స్పర్శతో కచ్చితంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

మందుల దుకాణంలో అడగగానే దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి గనుక వాపు నొప్పికి బాగానే పని చేస్తాయి. అయితే అవే పదార్థాలు కడుపు లోపలి పొరను, మూత్రపిండాల రక్తప్రసారాన్ని కాపాడుతుంటాయి. పక్కనే శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనకు తెలుసు; ఆ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలకపోయినా, ఉన్న జబ్బును ఈ మాత్రలు ముదరబెడతాయన్నది తేలిన విషయం. ఎండలో చెమటోడ్చి నీరు తగ్గిన ఒంటికి, కడుపు పుండు ఉన్నవారికి, గర్భిణులకు వైద్యుడు చెప్పకుండా వీటిని ఇవ్వకూడదు. పెద్దవారికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల నుంచి ఒక గ్రాము వరకు, కనీసం ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగు గ్రాములు దాటకుండా వాడుకోవడం మేలు. సారా అలవాటున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఆ మోతాదు కూడా తగ్గాలి.

కండరం సంగతి వేరు. కీలుకు దెబ్బ తగిలిందన్న కబురు వెన్నుపాముకు చేరగానే, మన ప్రమేయం లేకుండానే చుట్టుపక్కల కండరాలు బిగుసుకుంటాయి. దెబ్బ తిన్న భాగాన్ని కదలనివ్వకుండా కాపాడడమే వాటి పని. ధాన్యం బస్తా ఎత్తుతూ నడుము పట్టేసినవాడు ఒక పక్కకు వంగి నిలబడడం ఈ బిగువు వల్లనే. అయితే అలా బిగిసిన కండరంలో రక్తం సరిగా ఆడదు, కండరమే కొత్తగా నొప్పి పెట్టడం మొదలుపెడుతుంది, ఆ నొప్పి మళ్లీ బిగువును పెంచవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత వేడి కాపడం పనికొచ్చేది ఇక్కడే. మరుసటి రోజు మొదలై మూడో రోజుకు తగ్గుముఖం పట్టే ఒళ్లు నొప్పులు దీనికి సంబంధించినవి కావు. అవి అలవాటు లేని పని వల్ల కండరపు పోగుల్లో పడిన సూక్ష్మమైన చిరుగుల నుంచి వచ్చేవి. మందు లేకుండానే పోతాయి.

వాపు తగ్గుతుండగా కాలిని కదపడం మొదలుపెట్టాలి. పాదాన్ని పైకి, కిందికి, గుండ్రంగా తిప్పడం, గోడ పట్టుకొని బరువు ఆనించడం, తర్వాత చదును నేల మీద నడవడం అన్న వరుస చాలు. కదిపినప్పుడు కొద్దిగా నొప్పి పుట్టి, మర్నాటికి మామూలు స్థాయికి దిగితే ఆ పని సరిపోయినట్టు. మర్నాటికీ నొప్పి, వాపు పెరిగే ఉంటే కొంత తగ్గించుకోవాలి. నెలల తరబడి కాలిని దాచుకొని కూర్చోవడం వల్ల నష్టమే ఎక్కువ. నొప్పి కబుర్లు అదేపనిగా వచ్చి పడుతుంటే వెన్నుపాములోని నాడీకణాలు కూడా సున్నితమవుతాయి. దొంగ పడ్డ ఊళ్లో కుక్కలు ఆకు కదిలినా మొరిగినట్టు, లిగమెంటు మానిన తర్వాత కూడా అవి మామూలు స్పర్శను నొప్పిగా పైకి పంపుతూనే ఉంటాయి. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిలో ఈ పాలు చాలా ఉంటుంది. అది ఊహ కాదు, నటన అంతకన్నా కాదు. అలాంటివారికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయే కదలిక, కుదురైన నిద్ర మాత్రల కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

నరానికే దెబ్బ తగిలితే నొప్పి తీరు మారిపోతుంది: మంట, సూదులు గుచ్చినట్టుండడం, కరెంటు షాక్ కొట్టినట్టు ఒక గీత వెంట పాకడం, ఆ పక్కనే తిమ్మిరి. నడుము నుంచి పిర్ర మీదుగా పిక్క దాటి పాదం దాకా దిగే నొప్పి, దగ్గినా తుమ్మినా ఎక్కువయ్యే నొప్పి నడుము దగ్గరి నరం మూలం ఒత్తుకుంటోందని సూచిస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో ఇది తగ్గుతుంది. కాని రెండు కాళ్లలో బలం తగ్గినా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం రాక ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

అలాగే గాయపడిన పిక్క గాని ముంజేయి గాని రాయిలా గట్టిపడి, వేళ్లను మరొకరు మెల్లగా చాచినా కేక పెట్టించే నొప్పి వస్తే లోపలి ఒత్తిడి కండరాన్ని చంపేస్తోందని అర్థం. ముందు కట్టు విప్పాలి, 108కి ఫోన్ చేయాలి, గంటలే గడువు. బండి మీద నుంచి పడి పొట్ట ఎడమ పక్క దెబ్బ తగిలినవారికి, భుజానికి ఏమీ కాకుండానే ఎడమ భుజం నొప్పి పెడితే ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. ఉదరవితానం (రొమ్మునూ పొట్టనూ వేరు చేసే కండరపు పొర) నుంచి వచ్చే నరమూ, భుజం చర్మపు నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోట చేరతాయి గనుక మెదడు పొరబడుతుంది.

వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు, ఆయన ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా తడబడకుండా ఉండేందుకు, నొప్పి పాకే దారిని వేలితో గీసి చూపాలి. తిమ్మిరి ఉన్న మేర అంచును పెన్నుతో గుర్తు పెట్టుకొని, వారానికొకసారి అది ఎంత జరిగిందో చూసుకోవాలి. నలిగిన నరం మళ్లీ పెరిగే వేగం రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. మోకాలి దగ్గర దెబ్బ తిన్న నరం పాదాన్ని చేరుకోవడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. ఈ మధ్యలో పుట్టే మంటకు మామూలు నొప్పి మాత్రలు అంతగా పని చేయవు. దానికి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటివి వైద్యుడు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతాడు. మత్తు వస్తుంది గనుక మొదటి రోజుల్లో బండి నడపకూడదు, మంట తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయకుండా ఆయన చెప్పిన వరుసలో తగ్గించుకుంటూ రావాలి.