పార్టిషన్ సూట్ మధ్యలో పాత కాగితం దొరికితే ఏం చేయాలి

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ఆస్తి పంపకాల దావాల్లో (పార్టిషన్ సూట్‌లలో) సాక్ష్యం దాకా వచ్చాక ఏ బీరువాలోంచో పాత పంపకాల కాగితం బయటపడటం మామూలే. కంగారు పడొద్దు, అలాగని వచ్చే వాయిదాకి చూద్దాంలే అని దగ్గర పెట్టుకుని కూర్చోవద్దు. దొరికిన రోజే లాయర్‌కి చూపించండి, ఎందుకంటే జడ్జి ముందుగా అడిగేది ఇన్నాళ్లూ ఇది ఎక్కడుందనే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కాగితాలు దావాతోనో రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు)తోనో పెట్టేయాలి. తర్వాత పెట్టాలంటే వాది ఆర్డర్ 7 రూల్ 14(3) కింద, ప్రతివాది ఆర్డర్ 8 రూల్ 1ఏ(3) కింద ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేసి కోర్టు అనుమతి తీసుకోవాలి. సాక్ష్యం అయిపోయి ఉంటే కేసు రీఓపెన్ చేయమని, సాక్షిని మళ్లీ పిలవమని కూడా అడగాలి.

అసలు పనంతా ఆ ఐఏతో పెట్టే అఫిడవిట్ (ప్రమాణ పత్రం)లోనే. "కాగితాలు ఎక్కడో కలిసిపోయి ఇప్పుడు దొరికాయి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేస్తే ఎదుటి లాయర్‌కి పని తేలికైపోతుంది. కాగితం ఎవరి దగ్గర ఉండేది, ఏ తేదీన ఎలా దొరికింది, అంతకుముందు ఎంత వెతికినా ఎందుకు దొరకలేదు, కేసులో ఏ విషయం తేలడానికి అది కావాలి, ఇవన్నీ విడివిడిగా రాయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుంటే అప్లై చేసిన తేదీ, ఇచ్చిన తేదీ రెండూ చూపించండి. కారణం నిజమైతే కోర్టులు మరీ బిగుసుకోవు, ఇలాంటి అనుమతుల్లో ఉదారంగా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఖర్చులు కట్టమంటే గడువులోపు కట్టేయండి.

అనుమతి వచ్చింది కదా అని కాగితం మార్క్ అయిపోయినట్టు (సాక్ష్యంగా నంబరు పడినట్టు) కాదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆ కాగితంతోనే పంపకం జరిగి, ఆస్తి విలువ 100 రూపాయలు లేదా అంతకు మించి ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేకపోతే పంపకానికి రుజువుగా పనికిరాదు. నోటిమాటగా ఎప్పుడో అయిపోయిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న కాగితమైతే లెక్క వేరు. స్టాంపు తక్కువైతే లోటుతోపాటు పదిరెట్ల దాకా పెనాల్టీ పడొచ్చు కాబట్టి ఐఏ వేయకముందే ఆ లెక్క తేల్చుకోండి.

అవతలివాళ్లే తెస్తే ఊరుకోవద్దు. వాళ్ల ఐఏకి కౌంటర్ (జవాబు) వేయండి, వాళ్ల సాక్షిని మళ్లీ క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసే అవకాశం, ఎదురు సాక్ష్యం పెట్టే అవకాశం అడగండి. స్టాంపు అభ్యంతరం మాత్రం మార్క్ చేసేటప్పుడే చెప్పాలి, ఒకసారి సాక్ష్యంలోకి తీసుకున్నాక ఆ మాట ఎత్తనివ్వరు. ఇక ఆడపిల్లల వాటా ఎగ్గొట్టడానికి నోటి పంపకం పాతరోజుల్లోనే అయిపోయిందంటూ చివర్లో సాదా కాగితం తెస్తే, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6(5) చూపించమని మీ లాయర్‌కి గుర్తుచేయండి. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో అయిన పంపకాలకే ఆ సెక్షన్ రక్షణ ఇస్తుంది. నోటి పంపకాన్ని గట్టి ప్రభుత్వ రికార్డులు తోడుంటే తప్ప ఒప్పుకోకూడదని 2020లోనే సుప్రీంకోర్టు తేల్చింది.