ఎల్లో బిట్టర్న్ అనే చిన్న కొంగ కోసం చెన్నైలోని పళ్లికరణై చిత్తడికి వెళ్తున్నారా

మొదటి మూడుసార్లు నాకు దొరికింది నీలం నీటికోళ్లే. తప్పు నాదే, బైనాక్యులర్ పెట్టి జమ్ములో దుబ్బు దుబ్బూ గాలిస్తూ కూర్చున్నాను. ఈ పిట్ట అలా దొరకదు. మన గుడ్డికొంగ కన్నా కాస్త చిన్నది, 38 సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఒళ్లంతా ఎండిన జమ్ము రంగు. అలికిడైతే వెంటనే పారిపోదు, ముక్కు ఆకాశానికి ఎత్తి, మెడ సాగదీసి, ఉన్నచోటే బిగుసుకుపోతుంది, ఇక మీరు సూటిగా దాన్నే చూస్తున్నా ఎండుటాకు అనుకుని పక్కకి జరిగిపోతారు.

కాబట్టి వెతక్కండి, ఎగిరేదాకా ఆగండి.

తెల్లవారి ఆరుకల్లా చేరండి, లేదా సాయంత్రం పొద్దు వాలే వేళ. తొరైపాక్కం నుంచి పల్లావరం వెళ్లే రేడియల్ రోడ్డు చిత్తడి మధ్యగానే పోతుంది గానీ లారీల హోరులో నిలబడలేం, నాకైతే పెరుంబాక్కం చెరువు వైపే నయం. ఎండ వీపుకి తగిలేలా, జమ్ముకీ నీళ్లకీ మధ్య అంచు కనబడేలా ఒక్కచోట నిలబడండి. బురదలోకి మాత్రం దిగొద్దు, పాములుంటాయి. కూత రికార్డింగులు వినిపించి పిలిచే పని కూడా వద్దు, పాపం దాని తిండి దాన్ని తిననివ్వండి.

ఎగిరితే జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో నాలుగైదు సెకన్లు, అంతే. అప్పుడు రెక్కలే చూడండి: లేత పసుపు రెక్కకి అంచున నల్లటి ఈకలుంటే ఇదే. రెక్కంతా ఒకటే ఇటుక రంగైతే సిన్నమన్ బిట్టర్న్, తెల్లగా మెరిస్తే గుడ్డికొంగే. దిగాక కాసేపు ఓపిక పడితే అంచుకి వస్తుంది, రెండు కాళ్లతో రెండు కాడలు పట్టుకుని నీళ్ల మీదకి వంగి, ఉన్నట్టుండి అంత మెడ ఎక్కడిదా అనిపించేలా సాచి చేపపిల్లని లాగేస్తుంది.

మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు ఓసారి వెంట తీసుకెళ్లాను. కొంగ కోసం ఇంత దూరమా అని దారంతా సణిగింది. నేనింకా బైనాక్యులర్ ఫోకస్ తిప్పుకుంటుంటే నా చెయ్యి గిల్లి, "ఒరే, ఆ ఆకుకి పసుప్పచ్చటి కన్నుందిరా" అంది.